మూడంగుళాల జోడు

ఎర్రపట్టు అంచు మీద ఇంకా నాలుగైదు కుట్లు మిగిలి ఉన్నాయి. సాలోమోను కళ్ళజోడును ముక్కు కొసదాకా దించుకొని, తోలు కుట్టే ఆరె మొనను పట్టుకూ తోలుకూ మధ్యన గుచ్చి, మైనం రుద్దిన దారాన్ని అవతలికి లాగాడు. దారం లాగినప్పుడల్లా అతని నోరు కూడా కుడిపక్కకు లాక్కుపోతుంది. నలభై ఐదేళ్ళుగా అలా లాక్కుపోయి లాక్కుపోయి మూతి పక్కన ఒక ముడత నిలిచిపోయింది. నవ్వినా అది పోదు, నిద్రపోయినా పోదు.

ఆర్మూరు మార్కెట్ రోడ్డులో విత్తనాల దుకాణం పక్కగోడకు ఆనించి కట్టిన నీలం టార్పాలిన్ అతని చోటు. మార్చి నెల. పసుపు బస్తాల ట్రాక్టర్లు పొద్దుటి నుంచి పోతూనే ఉన్నాయి. ఆ దుమ్ముకు రోడ్డు మీద పడుకున్న కుక్కల వీపులు కూడా పచ్చబడ్డాయి. సాలోమోను దగ్గి ఉమ్మినా పచ్చగానే పడుతుంది. ఉడికిన పసుపు వాసన, డీజిలు వాసన, డబ్బాలోని జిగురు వాసన కలిసి అతని చొక్కాను ఎప్పుడూ వదలవు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం జరుగుతారు. జరిగేది వాసనకో, మరొకందుకో అతను ఎన్నడూ అడగలేదు.

మనుషుల మొహాలు అతనికి అంతగా గుర్తుండవు. చెప్పులు గుర్తుంటాయి. మడమ బయటి అంచు అరిగిందంటే ఆ మనిషికి మోకాలి నొప్పి. బొటనవేలి కింద లోతుగా గుంట పడిందంటే నెత్తిన బస్తాలు మోసే మనిషి. వానకు నాని కుళ్ళిన బూట్లూ, పుండు రసి కారి అట్టకట్టిన చెప్పులూ ఒడిలో పెట్టుకొని కుట్టాడు. చిన్నప్పుడు తండ్రి చచ్చిన గొడ్ల తోలు ఒలుస్తుంటే పక్కనే కూర్చుని సద్దన్నం తిన్నాడు. అరవై రెండేళ్ళు వచ్చాయి గానీ, దేన్ని చూసీ అతనికి కడుపులో తిప్పలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది మాత్రం ముద్దొచ్చే వస్తువు. అరచేతిలో పెడితే వేళ్ళ దాకా కూడా రాదు. మూడంగుళాలు. పైన ఎర్రపట్టు, అంచున పచ్చదారం, ముందు భాగం కాకరకాయ కొసలా సన్నగా పైకి తేలి ఉంటుంది. పసుపు మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే మధుకర్ సేటు కూతురు మేఘన పది రోజుల కిందట వచ్చి, ఫోనులో బొమ్మ చూపించి, కాగితం మీద కొలతలు గీసి ఇచ్చింది. హైదరాబాదులో బొమ్మలు వేసే చదువు చదువుతుందట. చైనా జోళ్ళు, ఐదు జతలు, ఆఖరి పరీక్షకు ప్రదర్శనలో పెట్టాలి అంది. పట్టు కోసం తన తల్లి భాగ్యవతి పాత చీర ఒకటి చింపి తెచ్చింది.

రెడీమేడ్ చెప్పులు వచ్చిన తర్వాత సాలోమోనుకు తెగిన పట్టీలు వేయడమే తప్ప కొత్త జోడు కుట్టే పనే లేకుండా పోయింది. అందుకే ఈ పనిని ప్రాణం పెట్టి చేశాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, ఎంత మంచిగున్నయో అంటుంటే లోపల పొంగిపోయాడు. ఒక్కటే అతనికి పొంతన కుదరలేదు. పసిపిల్లల పాదం విసనకర్రలా ఉంటుంది, వేళ్ళ దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. ఈ కొలత తలకిందులుగా ఉంది. మడమ పెద్దమనిషిది, ముందర ఏమీ లేదు. ఇటువంటి పాదం ఏ పిల్లకూ ఉండదు.

పదకొండు దాటాక మేఘన స్కూటీ ఆపి వచ్చింది. నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోతానని, ఆలోగా ఆఖరిది కూడా కావాలని చెప్పి, స్టూలు మీద కూర్చుని పూర్తయిన వాటిని వరుసగా పెట్టి ఫోటోలు తీసుకోసాగింది. సాలోమోను కుట్టు ఆపాడు.

“బిడ్డా, ఒక మాట అడుగుత. గివి ఎన్ని నెలల పిల్లకు?”

“పిల్లలకు కాదు తాతా. పెద్దోళ్ళకు. నా అంతటోళ్ళకు, మా అమ్మ అంతటోళ్ళకు.”

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. ఫోను అతని వైపు తిప్పింది. బొమ్మలో ఒక ముసలామె ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. ముడతలు పడ్డ మొహం, తెల్లటి జుట్టు వెనక్కి దువ్వి ముడేసుకుంది. గుడ్డ విప్పిన కుడికాలు ముందున్న ముక్కాలిపీట మీద చాపి ఉంది. సాలోమోను మొదట దాన్ని కాలు అనుకోలేదు. ఏదో జంతువు గిట్ట అనుకున్నాడు. బొటనవేలు ఒక్కటే ముందుకు పొడుచుకొని ఉంది. తక్కిన నాలుగు వేళ్ళూ అరికాలి కిందికి మడతపడి, నలిగి, చదునై, మాంసంలో కూరుకుపోయి ఉన్నాయి. పాదం నడుమ లోతుగా చీలిక. మడమా ముందుభాగమూ వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి.

మేఘన చెప్పుకుంటూ పోయింది. ఐదారేళ్ళ వయసులో మొదలుపెడతారు. కాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి, వేళ్ళు కిందికి విరిచి, రెండు బారల గుడ్డతో బిగించి కుడతారు. రెండు రోజులకోసారి విప్పి ఇంకొంచెం బిగిస్తారు. గోళ్ళు లోపలికి గుచ్చుకొని చీము పడుతుంది. కుళ్ళి ఒక వేలు ఊడిపోతే మంచిదే అనుకునేవాళ్ళు, కాలు ఇంకా చిన్నదవుతుందని. ఏడ్చే పిల్లను అదే కాళ్ళ మీద నడిపించేవాళ్ళు. పెళ్ళి సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు మొహం కన్నా ముందు జోడు కొలత అడిగేవాళ్ళట. ఆ జోడుకు పట్టు మీద పువ్వులు కుట్టుకోవలసింది కూడా ఆ పిల్లే. వందల ఏళ్ళు సాగింది. ఆఖరుకు ఆ దేశంలోని ఆడవాళ్ళూ కొందరు మగవాళ్ళూ కొట్లాడి మాన్పించారు.

“ఎవలు కడుతుండె?” అన్నాడు సాలోమోను.

“తల్లే.”

పట్టీ తెగిన చెప్పుల జత పట్టుకొని ఎండలో నిలబడ్డ మంగవ్వ ఆ మాట విని దగ్గరికి వంగి చూసింది. నందిపేట నుంచి వచ్చి పసుపు కొమ్ములు ఏరే కూలీ ఆమె. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నతల్లికి చేతులెట్లొచ్చినయని మెల్లగా గొణిగి, చెప్పులు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. వెళుతున్న ఆమె ఉత్తకాళ్ళ వంక సాలోమోను చాలాసేపు చూశాడు. పగుళ్ళ నిండా పసుపు పట్టిన కాళ్ళు, వెడల్పుగా, వేలికీ వేలికీ మధ్య సందు ఉండి, నేలను గట్టిగా పట్టుకుంటూ పోతున్న కాళ్ళు. అవి కనిపించినంతసేపే అతనికి ఊపిరి ఆడింది.

తర్వాత ఒడిలోకి చూసుకున్నాడు. ఎర్రగా, మెత్తగా, బుజ్జిగా ఉంది. లేచి గోడ పక్కకు పోయి వంగాడు. పొద్దున తాగిన చాయ తప్ప ఏమీ రాలేదు. నోరు కడుక్కొని వచ్చి, ఆ చెప్పును రెండువేళ్ళ కొసలతో పట్టుకొని పక్కన పెట్టాడు. పుండు రసి కట్టిన చెప్పులను ఒడిలో పెట్టుకున్న మనిషి అతను.

ఆ సమయానికి మధుకర్ సేటు కారు ఆపి, కూతురుకు బస్సు సంగతి గుర్తు చేయడానికి దిగాడు. చేతిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొని, కూతురు ఫోనులోకి తొంగిచూసి తల తిప్పేసుకున్నాడు. చైనావాళ్ళు పాములు తినే మనుషులనీ, వాళ్ళు చేయనిదేముంటుందనీ అన్నాడు. మన దగ్గర ఆడదాన్ని లక్ష్మి అంటామన్నాడు. అని, మీ అమ్మ ఎక్కడికో బయల్దేరిందట, నాకు చెప్పకుండా కాలు బయట పెట్టొద్దని ఫోన్ చేసి చెప్పు అని కూతురుకు పురమాయించి కారెక్కాడు. రెండు మాటల మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. సాలోమోను అతని బూట్ల వంక చూశాడు. మెరిసిపోతున్నాయి. నిన్న తనే పాలిష్ చేశాడు.

కారు పోయాక సాలోమోను చేతులు తుడుచుకున్నాడు.

“ఇది నాతోని కాదు బిడ్డా. నాలుగు జతలున్నయి గద, తీస్కపో.”

మేఘన బతిమాలింది. చూసినవాళ్ళకు అసహ్యం పుట్టాలనే చేస్తున్నానంది. అయితే మన ఊరి ఆడవాళ్ళ మీద చేయరాదా, అంత దూరం పోవుడెందుకని అతను అడిగాడు. ఆమె జోళ్ళ వైపు చూస్తూ చెప్పింది.

“మా ఇంటిది పెడితే మా నాన్న సదువు బంద్ చేయిస్తడు తాతా. చైనాదంటే ఎవ్వలకు ఏం కాదు. అందరు చూసి, అయ్యో అని పోతరు.”

ఈ మాట కూడా అతనికి రోతగానే తోచింది. కానీ అబద్ధం కాదు. అతను పూర్తయిన జోడు ఒకటి తీసి, వేలు లోపలికి పెట్టి చూశాడు. లోపల కూడా పట్టే వేశాడు, మేఘన చెప్పినట్టుగానే. చల్లగా, జారుడుగా ఉంది.

“అయ్యో అనరు. మంచిగున్నయి అంటరు,” అన్నాడు. “పొద్దంత అందరు గదే అన్నరు. నేను గూడ గదే అనుకున్న. చెప్పు సంగతి పైన తెల్వది బిడ్డా, లోపట తెలుస్తది. నువ్వు లోపట పట్టు పెట్టమన్నవ్. గా కాలు పట్టు మీద ఉంటదా?”

ఆమె అతని మొహంలోకి చూసింది. మూడు గంటలకు రమ్మని చెప్పి పంపించేశాడు.

అన్నం డబ్బా విప్పలేదు. ఆఖరి చెప్పు లోపలి పట్టును పెరికేశాడు. మెత్తటి మేకతోలు ముక్కను నీళ్ళలో నానబెట్టి లోపల పరిచాడు. ఆ కాలు బరువు ఎక్కడ పడుతుందో అతను ఫోనులోని బొమ్మను తలచుకొని ఆలోచించలేదు. ఆలోచించవలసిన పని లేకపోయింది. బొటనవేలితో మడమ చోట గట్టిగా నొక్కాడు. పాదం బయటి అంచు వెంట ఇంకో గాడి. మడతపడ్డ వేళ్ళ కణుపులు నేలకు ఆనే చోట నాలుగు చిన్న గుంటలు, ఒకదాని కన్నా ఒకటి లోతు. అతని చెయ్యి తడుముకోకుండా పోయింది. ఇరవై ఏళ్ళు కుట్టిన కొలతను కుట్టినట్టు పోయింది. అప్పుడే అతనికి అర్థమైంది, తను నొక్కుతున్నది తన భార్య ఆశమ్మ కాలు.

ముప్ఫై రెండేళ్ళ కిందటి మాట. ఆశమ్మ అక్క మెండోరలో పురిటి మీద ఉంది. ఆశమ్మ పోతానంది, అతను వద్దన్నాడు. వద్దనడానికి కారణం కూడా ఏమీ లేదు. మర్నాడు పొద్దున ఆమె చీర మార్చుకొని, చేతిసంచి పట్టుకొని, గడప అవతల చెప్పులు తొడుక్కుంటోంది. అతను ముందున్న, చెప్పులు తొడిగి మేకులు కొట్టే మూడు కాళ్ళ ఇనుప దిమ్మెను ఎత్తి విసిరాడు. భయపెట్టడానికే విసిరానని ఆ తర్వాత చాలా ఏళ్ళు తనకు తను చెప్పుకున్నాడు. కానీ గురి చూశాడు. కాలి వైపే చూశాడు. రెండు వేళ్ళూ, పాదం మీది ఎముకా విరిగాయి. కట్టు కట్టేవాడితో గూట్లోంచి దిమ్మె పడ్డదన్నాడు. పక్కన పడుకున్న ఆశమ్మ కూడా పడ్డదనే చెప్పింది. ఎముక వంకరగా అతుక్కుంది. వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి అలాగే ఉండిపోయాయి.

ఆమె ఆ తర్వాత అడగకుండా గడప దాటలేదు. నీ భార్య నెమ్మదస్తురాలు సాలోమోనూ అని వాడలో పెద్దలు మెచ్చుకున్నారు. అతనికి అది బాగానే ఉండేది. కుంటుతూ నీళ్ళబిందె తెచ్చే ఆమె అడుగుల చప్పుడు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, వింటుంటే ఇల్లు కుదురుకుంది అనిపించేది. ఇప్పుడు తోలు మీద నాలుగో గుంట నొక్కుతుంటే ఆ బాగా అనిపించినది నోట్లోకి వచ్చింది, చాయ కన్నా చేదుగా. చైనాలో పెళ్ళికూతురు నడక చూసి మురిసిన మగవాళ్ళు ఎట్లా ఉండేవాళ్ళో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తోలు రంగులో పసుపు కలిపి, గుంటల్లో చీము ఎండిన చారలా పూశాడు. అంచుల్లో నల్లటి ఎరుపు. గోరు గుచ్చుకునే చోట ఆరెతో చిన్న చీలిక పెట్టాడు. పైన మాత్రం పట్టు అలాగే ఉంచి, మిగిలిన నాలుగు కుట్లూ ఎంతో నీటుగా వేశాడు.

మూడు గంటలకు మేఘన వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకొని, పైపట్టు చూసి, వేలు లోపలికి పోనిచ్చింది. వేలు గుంటల మీదుగా పోయి ఆగింది. వెలుతురుకు తిప్పి లోపలికి చూసింది. చెప్పు ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది. పది రోజులుగా ఆ బొమ్మలు చూస్తున్న పిల్ల, చేతిని చున్నీకి తుడుచుకుంటూ రెండడుగులు వెనక్కి వేసింది.

“లోపట గిట్ల ఉంటదని నీకెట్ల తెల్సు తాతా?”

“చెప్పులు కుట్టేటోన్ని గద,” అన్నాడు సాలోమోను. అది కూడా అబద్ధమేనని అనగానే తెలిసింది.

ఆమె ఆ చెప్పును వట్టి చేత్తో ముట్టుకోకుండా కాగితంలో చుట్టింది. తక్కిన తొమ్మిదింటి లోపలా ఇలాగే చేసి ఉంటే బాగుండేదని అంది. మళ్ళీ తనే, వద్దు, ఒక్కటి చాలు, అందరూ పట్టు చూసి చూసి ఆఖర్న దీంట్లోకి చూడాలి అంది. స్కూటీ ఎక్కేముందు అతని కాళ్ళకు వంగబోతే అతను గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

సామాను సంచిలో వేసి, ఎప్పుడూ లేనిది నాలుగు కాకముందే ఇల్లు చేరాడు. గుట్ట కింద రెండు గదుల ఇల్లు. కొడుకు పెళ్ళయ్యాక కోరుట్లలో ఉంటున్నాడు. ఆశమ్మ వాకిట్లో నీడకు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. వంకరకాలు ఎప్పటిలాగే చీర కుచ్చిళ్ళ కింద దాచుకుంది. పక్కన ఆమె రబ్బరు చెప్పులు. కుడిచెప్పు అంచును తన వాపుకు తగ్గట్టు కొడవలితో తనే కోసుకుంది. ఊరందరి చెప్పులూ కుట్టినవాడు ఆమెకు ఎన్నడూ ఒక జోడు కుట్టలేదు.

సాలోమోను మూలనున్న సిమెంటు సంచిని చింపి, లోపలి శుభ్రమైన కాగితాన్ని ఆమె ముందు పరిచాడు. పెన్సిలు తీసి నేల మీద కూర్చున్నాడు.

“కాలు వెట్టు. జోడు కుడుత.”

ఆశమ్మ చింతపండు చేతులు కొంగుకు తుడుచుకొని అతని వైపు చూసింది. ఏమనుకుందో గానీ, లేచి నిలబడి, కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి వంకరకాలు కాగితం మీద పెట్టింది. అతను చీలమండ పట్టుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళలో ఆ కాలును చేత్తో పట్టుకోవడం అదే మొదలు. ఎముక ఉబ్బెత్తుగా తగిలింది. మడమ చుట్టూ గీత గీసి, బయటి అంచు వెంట, ఎక్కిన వేళ్ళ చుట్టూ పెన్సిలు తిప్పాడు. గీత మొదలూ చివరా కలిశాయి. తల ఎత్తకుండానే అన్నాడు.

“గూట్లెకెంచి పడలే. నేనే ఇసిరిన. సూసి ఇసిరిన.”

ఆశమ్మ కాలు తీయలేదు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

“నాకు తెల్వదనుకున్నవా? ఇన్నేండ్లు నువ్వు పడ్డదన్నవ్, నేను పడ్డదన్న. మా అక్కకు గదే చెప్పిన, కొడుక్కు గదే చెప్పిన. గా మాట నిలవెట్టుకుంట గీ ఇంట్ల ఉన్న. ఇగ నువ్వే పడలేదన్నంక, నేనెందుకుండాలె?”

కాలు తీసుకొని లోపలికి పోయింది. అతను రెండో కాలు కోసం పెన్సిలు పట్టుకొని అలాగే కూర్చున్నాడు. ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకొని, మొహం కడుక్కొని, తల దువ్వుకొని బయటికి వచ్చింది. గింజ తీసిన చింతపండు మీద పళ్ళెం బోర్లించింది. మెండోరకు పోతున్నానంది. ఆటోలో అంత దూరం కూర్చుంటే కాలు నొస్తదని అతను అన్నాడు. నొప్పి నాకు కొత్తనా అంది. ఎప్పుడొస్తవని అడిగాడు. ఆమె కోసిన అంచు చెప్పులు తొడుక్కొని, గడప దిగి, ఎండలో రోడ్డు వైపు నడిచింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా. ఆ చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది. మలుపు అవతల ఆటో ఒకటి ఆగి, మళ్ళీ కదిలింది.

సాలోమోను లేవలేదు. వాకిట్లో సిమెంటు కాగితం గాలికి ఒక అంచు లేచి పడుతోంది. దాని మీద ఒక్క కాలి గీత ఉంది, మడమ గుండ్రంగా, వేళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కి. దాని పక్కన రెండో కాలికి వదిలిన చోటు, గీత లేకుండా.